దిద్దడానికేమీ లేని రోజు

భూమ్మీద ఎవరూ చూడని రోజు ఒకటుంది. ఆ రోజు గాలి సరిగ్గా పదిహేను డిగ్రీల చలవలో ఉంటుంది. గాలి బరువు సముద్రపు ఒడ్డున ఎంతుండాలో అంతే ఉంటుంది. తేమ అరవై శాతం, దానికి ఒక చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఎవరో ఇంజనీర్లు బల్ల చుట్టూ కూర్చుని, ఎండా వానా ఎరగని ఆ రోజుని కని, ప్రమాణ దినం అని పేరు పెట్టారు. మన పెద్దమనిషి కాపురం ఆ రోజులోనే. ఒళ్ళు మాత్రం మనందరితో పాటు ఎండలో మాడుతూ ఉండేది.

ఆయన ఉద్యోగం గ్యాస్ టర్బైన్లు బాగుచేసే కార్ఖానాలో, పరీక్షల హాల్లో. గ్యాస్ టర్బైన్ అంటే కరెంటు పుట్టించే ఇంజిను. లారీ అంత పొడుగు, ఊరంత ఆకలి. ముందువైపు గాలి పీలుస్తుంది, మధ్యలో ఇంధనం తాగుతుంది, వెనకవైపు వేడి కక్కుతుంది. ఏళ్ళ తరబడి తిరిగి అరిగిపోయిన ఇంజిన్లు ఈ కార్ఖానాకి వస్తాయి. వాటిని విప్పి, తుడిచి, అరిగిన ముక్కలు మార్చి, మళ్ళీ బిగించి, హాల్లో నడిపి చూస్తారు. ఎంత ఇంధనం తాగిందో మీటరు చెబుతుంది. హద్దు దాటి తాగితే మళ్ళీ విప్పాల్సిందే. దాటకపోతే సొంతదారు సంతకం పెట్టి తీసుకుపోతాడు.

ఇందులో ఒక చిక్కుంది. ఎండకి గాలి పలచబడుతుంది. పలచటి గాలి పీల్చిన ఇంజిను అదే పనికి ఎక్కువ ఇంధనం తాగుతుంది. వేసవిలో పరీక్షించిన దానికీ చలికాలంలో పరీక్షించిన దానికీ ఒకే హద్దు పెడితే అన్యాయం కదా. అందుకని మీటరు చెప్పిన అంకెని, ఆనాటి గాలిని బట్టి, ఒక గుణకంతో హెచ్చించి దిద్దుతారు. ఇదే ఇంజిను ప్రమాణ దినాన నడిచి ఉంటే ఎంత తాగేదో ఆ దిద్దిన అంకె చెబుతుంది. న్యాయమైన పద్ధతే. తెలివైనవాళ్ళు కనిపెట్టారు. తెలివైనవాళ్ళు కనిపెట్టిన చాలా వాటికి పట్టిన గతే దీనికీ పట్టి, మన పెద్దమనిషి చేతిలో పడింది.

హాల్లో ఆయన్ని "పదిహేను గారు" అని పిలిచేవారు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు. పొద్దున్నే లోపలికి వస్తూ థర్మామీటరు చూసి, "ముప్ఫై నాలుగు. పంతొమ్మిది తప్పు," అని పెదవి విరిచేవాడు, సూర్యుడు తన కింద పనిచేసే గుమాస్తా అయినట్టు.

ఆ థర్మామీటరు సంగతి కూడా చెప్పాలి. ఇంజిను గాలి పీల్చే నోరు, పెద్ద గంటని పడుకోబెట్టినట్టుగా, హాలు గోడలోంచి బయటికి తెరుచుకుని ఉంటుంది. థర్మామీటరు ఉండాల్సింది ఆ నోటి దగ్గర. ఒకప్పుడు అక్కడే ఉండేది. వానకి తడుస్తోందన్న మిషతో పదిహేను గారు దాన్ని లోపలికి తెచ్చి, అవతలి గోడకి, ఆయిల్ కూలర్ ఫ్యాను పక్కన కొట్టించాడు. ఆ ఫ్యాను విసిరేది వేడిగాలి. ఆ గోడ మీద ఎప్పుడు చూసినా బయటికన్నా ఎనిమిదో పదో డిగ్రీలు ఎక్కువ. వేడి ఎక్కువ కనిపిస్తే గుణకం తగ్గుతుంది, గుణకం తగ్గితే దిద్దిన ఇంధనం తగ్గుతుంది. ఎంతటి తిండిపోతు ఇంజినైనా ఆయన కాయితం మీద ఉపవాసం ఉన్నట్టే కనిపించేది.

హాల్లో వాళ్ళకి ఇది తెలియక కాదు. దానికి "వెచ్చటి గోడ" అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. ఏ ఇంజినైనా కాస్త ఎక్కువ తాగుతున్నట్టు అనుమానం వస్తే, "పోనీలే, వెచ్చటి గోడ చూసుకుంటుంది," అని చేతులు తుడుచుకునేవారు. బిగించిన ఇంజిన్ని మళ్ళీ విప్పడం ఎవరికిష్టం? అబద్ధమాడేవాడు రాత్రి పడుకున్నాక ఒక్కసారైనా ఉలిక్కిపడతాడు. దిద్దేవాడికి ఆ బాధ కూడా లేదు. పదిహేను గారు హాయిగా గురకపెట్టి నిద్రపోయేవాడు.

ఇంట్లోనూ అదే వరస. బరువు తూచుకునే యంత్రం ఎక్కి, చొక్కా బరువు తీసేసి, తిన్న అన్నం బరువు తీసేసి, నేల ఇటువైపు వాలుగా ఉందని ఇంకో కిలో తీసేసి, పెళ్ళినాటి బరువులోనే ఉన్నానని ప్రకటించేవాడు. పెళ్ళి ఫోటోలో ఇల్లాలికన్నా పొట్టిగా కనిపించడానికి కారణం కెమెరా వంగడం. బావమరిది చేతిలో క్యారమ్స్ ఓడిపోతే బోర్డు తేమ పట్టడం. ఒకసారి కూతురికి లెక్కల్లో నలభై రెండు వచ్చాయి.

"ఆ గదిలో ఫ్యాను లేదమ్మా. ఫ్యాను ఉంటే అరవై వచ్చేవి," అన్నాడు ఓదార్పుగా.

"ఫ్యాను నా నెత్తిమీదే ఉంది నాన్నా."

"అదీ సంగతి! గాలి ఎక్కువై కాయితాలు ఎగిరి ఉంటాయి. అరవై అయిదు వేసుకో."

ఇల్లాలు అటుతిరిగి నెత్తి కొట్టుకుంది. "నాకు తలనొప్పిగా ఉందండీ," అంటే, "పొద్దున్నుంచీ ఉక్కగా ఉంది కదా, అది తీసేస్తే నీకు లేనట్టే," అన్న మనిషితో ఆవిడ కాపురం చేస్తోంది. ఆ ఓపికకి ఏ గుణకమూ సరిపోదు.

ఇలాంటి మనిషికి ఒక కుర్చీ మీద కన్నుపడింది.

పరీక్షల హాలు పెద్దాయన ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీ వట్టి చెక్క. ఉద్యోగమంతా దానిమీద కూర్చుని ఆయన నడుం విల్లులా వంగిపోయింది. అయినా అది హాలు మొత్తానికీ అధికారి కుర్చీ. పెద్దాయన పదిహేను గారిని పిలిచి చెప్పాడు: "నేను వెళ్ళేలోగా ఇంకొక్క ఇంజిను ఉంది. సొంతదారు మనిషి వచ్చి చూసి సంతకం పెడితే, ఆ సాయంత్రమే కుర్చీ నీది. వెనక్కి వచ్చిందా, పైవాళ్ళు బయటినించి ఎవరినో తెస్తారు. నా చేతుల్లో ఉండదు."

అంతే, పదిహేను గారి కాళ్ళు నేలమీద ఆగలేదు. ఇంటికి వెళ్ళి, కుర్చీ వచ్చేసిందని చెప్పేశాడు. రావాల్సింది కాబట్టి వచ్చినట్టే లెక్క. ఇల్లాలు పాత నీలం తెరలు కత్తిరించి, దూది కూరి, కుర్చీ మీదకి మెత్త కుట్టడం మొదలుపెట్టింది. మొగుడి మాట మీద నమ్మకంతో కాదు, వట్టి చెక్క మీద కూర్చుని వచ్చి నడుంనొప్పంటూ తన ప్రాణం తీస్తాడని.

ఆ ఇంజిను బిగించే పని బావమరిదిది. అతను ఇల్లాలి తమ్ముడు, ఆ కార్ఖానాలోనే బిగింపుల విభాగంలో ఇంజనీరు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఒకరోజు నూనె చేతులతోనే బావగారి గదిలోకి వచ్చాడు.

"బావా, ఇది ఇప్పుడే పంపకు. లోపల సందులు మూసే సీళ్ళు అరిగిపోయాయి. పీల్చిన గాలి సందుల్లోంచి కారిపోతోంది. ఇది తెగ తాగుతుంది."

"ఎంత తాగుతుందేం?"

"నీ పెళ్ళిలో మీ బాబాయి తాగినంత."

"మా బాబాయి ఆరోజు ఎండలో పడి వచ్చాడు. చల్లటి రోజైతే రెండు గ్లాసులతో ఆగేవాడు."

"ఓరి నాయనో! చచ్చి ఎక్కడున్నాడో గానీ, ఆయన్ని కూడా దిద్దేశావా?" అని బావమరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వేళాకోళం కాదు బావా. వారం ఆగు. కొత్త సీళ్ళు వేసి ఇస్తా."

"వారం ఆగితే పెద్దాయన వెళ్ళిపోతాడు. ఇంకెవడో వచ్చి కూర్చుంటాడు. బయట చూశావా, ఎండ ఎలా మండిపోతోందో? వెచ్చటి గోడ ఉంది, గుణకం ఉంది. నువ్వు బిగించి పంపు, నేను దిద్దుకుంటా."

"దిద్దితే సీళ్ళు పెరుగుతాయా?"

"నీకు సీళ్ళు తెలుసు, నాకు అంకెలు తెలుసు. ఎవడి పని వాడు చూసుకుందాం."

బావమరిది లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "అక్క నీకు మెత్త కుడుతోందిట. ఏ చెక్క మీద వేసుకుంటావో చూసుకో మరి."

పదిహేను గారు ఆ మాటని చెవిలోకి రానివ్వలేదు. అసూయ కింద తీసేశాడు.

పరీక్షకి ముందురాత్రి ఎవరూ అనుకోని వాన కురిసింది. ఆకాశానికి చిల్లుపడినట్టు కురిసి, తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. పదిహేను గారు దుప్పటి లాక్కుంటూ లేచాడు. ఏదో తేడాగా ఉంది. కిటికీ తెరిచి, చువ్వకి కట్టుకున్న సొంత థర్మామీటరు చూశాడు. తువ్వాలుతో అద్దం తుడిచాడు. గోటితో కొట్టాడు. మళ్ళీ చూశాడు.

పదిహేను.

"ఏమండీ!" ఇల్లాలు వెనకనించి తొంగిచూసి చప్పట్లు కొట్టింది. "మీ రోజు వచ్చిందండోయ్! అమ్మాయ్, ఇలా రా, నాన్న రోజు వచ్చింది!" ఆవిడకి నిజంగానే సంతోషం. ఇన్నేళ్ళు కథలుకథలుగా విన్న ఆ రోజు ఎలా ఉంటుందోనని ఆవిడకీ కుతూహలంగా ఉండేది. స్వెటరు తొడిగి, గుడ్డసంచిలో మెత్త పెట్టి చేతికిచ్చింది. "సాయంత్రం కుర్చీలో కూర్చున్నాక ఫోన్ చెయ్యండి."

పదిహేను గారికి, మాటవరసకి ఏళ్ళ తరబడి "మా ఇంటికి రండి, మా ఇంటికి రండి" అని పిలిచిన చుట్టం, పెట్టే బేడాతో గుమ్మంలో దిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. దారిపొడుగునా మబ్బుల్లోకి చూస్తూ నడిచాడు. జీవితంలో మొదటిసారి ఎండ కోసం మొక్కుకున్నాడు. సూర్యుడు, ఇన్నాళ్ళ చీదరింపులు గుర్తుపెట్టుకున్నాడో ఏమో, దుప్పటి ముసుగులోంచి మొహం బయటపెట్టలేదు.

సొంతదారు తరఫున వచ్చిన తనిఖీ ఆవిడ అప్పటికే హాల్లో ఉంది. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి. శాలువా కప్పుకుని, ఫ్లాస్కులోంచి వేడి కాఫీ వంచుకుంటోంది. పక్కన పెద్దాయన, ఆ పక్కన బావమరిది.

"మేడం, ఇవాళ వద్దండి," అన్నాడు పదిహేను గారు, సంచి వెనక దాచుకుంటూ. "వాతావరణం అనుకూలంగా లేదు."

"అలాగా? బయట ఎంతుంది?"

ఆయన నోరు తెరిచేలోగా బావమరిది అందుకున్నాడు. "పదిహేను మేడం. మా బావ పేరు కూడా అదే."

హాల్లో కిసుక్కుమన్నారు.

"బారోమీటరు?"

ఆ ముల్లు కూడా పగబట్టినట్టు సరిగ్గా సముద్రపు ఒడ్డు అంకె మీదే నిలబడి ఉంది. పెద్దాయన చూసి చెప్పాడు. ఆవిడ కాఫీ గుక్క మింగి కళ్ళు పెద్దవి చేసింది. "ఇదేమిటండీ, అచ్చం పుస్తకంలో రాసిన రోజు! నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. పదండి, పదండి, మళ్ళీ దొరకదు."

ఇంజిను మొదలైంది. అందరూ నిలబడి చూస్తున్న అద్దాల గది కిటికీలు సన్నగా వణికాయి. డీజిలు వాసన, చెవులకి తొడుగులు, మీటరు మీద పరుగెత్తే అంకెలు. ఇంజిను పూర్తి భారం ఎత్తుకుని నిలకడగా తిరగడం మొదలెట్టాక, ఆవిడ తొడుగు తీసి, వెచ్చటి గోడ థర్మామీటరు ముల్లు వైపు చూసింది. ఇరవై నాలుగు.

"నేను శాలువాలో కూడా వణుకుతున్నాను. మీ థర్మామీటరుకి చెమట పడుతోందేమిటి?"

"అది... హాలు వేడి మేడం. అంటే, ఇంజిను ఉండేది హాల్లో కదా..."

"ఇంజిను ముక్కు ఎటుంది?"

"బయటికండి."

"ముక్కు అటుంటే థర్మామీటరు వీపు దగ్గర పెట్టారేం?"

ఆవిడ తన సంచిలోంచి సొంత థర్మామీటరు తీసి, బయటికి నడిచి, గాలి పీల్చే నోటి పక్కన వేలాడదీసి, కాసేపటికి తిరిగి వచ్చింది. "పదిహేను. మీ పట్టిక తీయండి."

గుణకాల పట్టిక గోడకి అంటించిన గీతల కాయితం. వేడివైపు కొస ఆయన బొటనవేలి రుద్దుడికి నల్లగా జిడ్డు పట్టి ఉంది. పదిహేను దగ్గర కాయితం కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. ఆ చోట ఆయన ఇంతవరకూ వేలు పెట్టలేదు. ఇప్పుడు పెట్టాడు.

"గుణకం ఎంతండీ?"

"ఒకటి."

"ఒకటితో హెచ్చిస్తే?"

"అదే వస్తుంది మేడం."

"అంటే మీటరు చెప్పిందే."

"మీటరు చెప్పిందే," అన్నాడు పదిహేను గారు. ఆ రెండు ముక్కలూ ఆయన నోటమ్మట రావడం ఆ హాలు గోడలు కూడా ఎప్పుడూ వినలేదు.

మీటరు చెప్పింది హద్దుకి మూడు శాతం పైన. ఆవిడ కలం మూత పెట్టేసింది. అప్పుడైనా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయన పదిహేను గారెలా అవుతాడు?

"మేడం, ఒక్క మాట. ఇవాళ మామూలు రోజు కాదు. ఇలాంటి రోజు ఈ ఊళ్ళో పుట్టి ఎరగం. ఇంత అసహజమైన వాతావరణంలో తీసిన కొలత ఎలా చెల్లుతుంది? కాస్త ఎండ రానిచ్చి, మన మామూలు పరిస్థితుల్లో మళ్ళీ తీస్తే..."

ఇక హాలు ఆగలేదు. బావమరిది పొట్ట పట్టుకుని గోడకి జారబడ్డాడు. కంట్రోలు బల్ల దగ్గరివాళ్ళు చెవుల తొడుగుల్లోనే నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"అయ్యా, ఈ ఇంజిను ఒక ఊరికి కరెంటివ్వాలి. ఆ ఊరివాళ్ళు దీనికి నిజం ఇంధనం పోస్తారు. దిద్దిన ఇంధనం పోయరు. విప్పి, సీళ్ళు చూసి, మళ్ళీ పిలవండి. ఈలోగా ఆ గోడ మీదది తీసేయండి."

బావమరిది జేబులో స్పానరు సిద్ధంగానే ఉంది.

ఆవిడ వెళ్ళాక పెద్దాయన తన గదిలోంచి పైవాళ్ళకి ఫోన్ చేసి, పదిహేను గారిని పిలిచాడు. కేకలు వేస్తాడనుకుంటే వెయ్యలేదు. తన నడుం పట్టుకుని కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

"ఈ ఇంజిను తిన్నగా అయ్యేదాకా నేనే ఉండాలన్నారు. ఆ తర్వాత బయటినించి మనిషి వస్తాడు. నువ్వు రేపట్నించి ప్రతి పరీక్షకీ బయట, ఆ నోటి పక్కన నిలబడి, థర్మామీటరు చూసి చెప్పు. ఎండైనా, వానైనా." అప్పుడు ఆయన చూపు గుడ్డసంచి మీద పడింది. "ఆ సంచిలో ఏమిటి?"

"మెత్త సార్."

"ఎవరికి?"

అది మాత్రం మీటరు చూసి చెప్పే జవాబు కాదు. పదిహేను గారు సంచి ముందుకు చాచాడు. "మీకే సార్."

"ఇన్నేళ్ళకి నా నడుం గుర్తొచ్చిందన్నమాట!" పెద్దాయన నీలం మెత్త లాక్కుని, చెక్క మీద వేసి, మెల్లిగా కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. "ఆహా. మీ ఆవిడకి నా థాంక్స్ చెప్పు. ఇది ముందే ఇచ్చుంటే నేనసలు రిటైరే అయ్యేవాణ్ణి కాదు."

సాయంత్రం ఇంటి గుమ్మంలోనే ఇల్లాలు ఎదురొచ్చింది. ఫోన్ రాలేదు కాబట్టి ఆవిడకి సగం అర్థమయ్యే ఉంది. మిగతా సగం ఖాళీ సంచి చెప్పింది. బల్ల దగ్గర కూతురు పుస్తకం లోంచి తలెత్తింది.

"కుర్చీ ఏమైందండీ?"

"చూడూ, అసలు పరిస్థితులు చూస్తే..."

"దిద్దకండి. మీటరు ఏం చెప్పిందో అది చెప్పండి."

ఆయన చెప్పుల్లో కాళ్ళతోనే నిలబడిపోయాడు. "ఇంజిను ఎక్కువ తాగింది," అన్నాడు చివరికి. "కుర్చీ రాలేదు. ఇక రాదు కూడా. మెత్త పెద్దాయన వేసుకున్నాడు."

ఇల్లాలు మొగుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పెళ్ళయ్యాక ఆ మనిషి నోట దిద్దని మాట వినడం అదే మొదలు. లోపలికి వెళ్ళి, కాఫీ కలిపి, పొగలు కక్కుతుండగా తెచ్చి బల్ల మీద పెట్టింది. కూతురు కుర్చీ జరిపి చోటిచ్చింది. ఆయన అక్కడితో నోరు మూసుకుని ఆ కాఫీ తాగి ఉంటే, ఆయన గురించి ఒక్క మంచి మాటైనా చెప్పాల్సి వచ్చేది.

"అయినా," అన్నాడు కప్పు మీద చెయ్యి వెయ్యబోతూ, "వేడి చూశారు, గాలి బరువు చూశారు. తేమ మాత్రం ఎవడూ చూడలేదు. రాత్రి వానకి అరవై శాతం దాటే ఉంటుంది. అది గనక లెక్కలోకి తీసుకుంటే..."

ఇల్లాలు కప్పు తన వైపుకి లాక్కుంది. నిలబడే, తాపీగా, ఆ కాఫీ అంతా తను తాగేసింది. ఖాళీ కప్పు ఆయన ముందు పెట్టింది.

"ఇదిగో మీ కాఫీ," అంది. "ప్రమాణ దినాన అయితే నిండుగా ఉండేది. దిద్దుకుని తాగండి."